పొరుగింటి పుల్లకూర, మనింటి పానకం

మార్చి నెల వచ్చిందంటే మన ఉత్తరాంధ్రలో మూడు సంగతులు ఒక్కసారే జరుగుతాయి. వేపచెట్టు పూస్తుంది, మామిడి పిందె దిగుతుంది, పరీక్షల టైంటేబులు గోడకెక్కుతుంది. మూడోది మొదటి రెండింటినీ చూసే తీరిక లేకుండా చేస్తుంది. వీటికి తోడు ఈమధ్య నాలుగో సంగతి ఒకటి వచ్చి చేరింది. మార్చి 17న ఐర్లండువారి పండుగ, సెయింట్ పాట్రిక్ దినం. హైదరాబాదు, బెంగుళూరు వంటి మహానగరాల్లో కొన్ని హోటళ్ళవాళ్ళు ఆ సాయంత్రం ఆకుపచ్చ రంగు వేసిన పానీయాలూ, ఆకుపచ్చ మిఠాయిలూ పెట్టి, తలకి ఆకుపచ్చ టోపీ తొడిగి, బిల్లు మాత్రం మామూలు రంగులోనే ఇస్తున్నారు. అక్కడ చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు ఫోటోలు పంపుతారు. ఇక్కడి పిల్లలు చూస్తారు. "మన యూనియను తరఫున కూడా అలాంటిదొకటి పెడితే ఏటవుతాది మాస్టారూ?" అని అడుగుతారు.

ఏమీ అవదు. పెట్టుకోవచ్చు. ఇంకొకరి పండుగ చేసుకున్నంత మాత్రాన సంస్కృతి కొట్టుకుపోతుందని గగ్గోలు పెట్టేవారితో నేను ఏకీభవించను. అంత సుళువుగా కొట్టుకుపోయేదయితే అది సంస్కృతి కాదు, సున్నపు ముగ్గు. నా అభ్యంతరమల్లా ఒక్కటే. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గదా, ఆ పుల్లకూర వాళ్ళు ఎందుకు వండుకున్నారో, ఏ రోజుల్లో వండుకున్నారో కూడా కాస్త తెలుసుకుని తినాలి. తెలుసుకుని తింటే ఒక తమాషా జరుగుతుంది. ఆ కూర మనింటి కూరలాగే కనబడుతుంది.

ఆ పండుగ ఎవరిది? పాట్రిక్ మహాశయుడు ఐర్లండులో పుట్టినవాడే కాదు. బ్రిటన్‌లో పుట్టి, పదహారో ఏట సముద్రపు దొంగల చేతికి చిక్కి, ఐర్లండుకు బానిసగా చేరి, ఆరేళ్ళు పశువులు కాచి, తప్పించుకుపోయి, మళ్ళీ తనంత తానే వెనక్కి వచ్చి అక్కడ మతప్రచారం చేశాడు. ఇది క్రీస్తుశకం అయిదో శతాబ్దం నాటి మాట. అంటే ఐర్లండువారి జాతీయ పండుగ బలవంతంగా పొట్టకూటికి పరాయి నేల తొక్కిన ఒక పశువుల కాపరి పేరున జరుగుతోంది. త్రిమూర్తి తత్వం చెప్పడానికి ఆయన మూడాకుల షామ్‌రాక్ కొమ్మ పట్టుకుని చూపించాడని ఒక ఐతిహ్యం. మూడాకుల దళం అనగానే మనకు మారేడు గుర్తుకు రావద్దూ? శివరాత్రి కూడా ఆ దరిదాపుల్లోనే వస్తుంది.

మరి ఆ ఆకుపచ్చ పానీయాల మాట? అక్కడే ఉంది అసలు చమత్కారం. ఐర్లండులో ఆ రోజు ప్రధానంగా గుడికి వెళ్ళే రోజు. అది ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాల మధ్యలో పడుతుంది. ఉపవాసానికి ఆ ఒక్కపూట సడలింపు ఉండేది కాబట్టి ఇంత మాంసం వండుకుని ఇల్లిల్లూ తినేవారు. 1903లో అక్కడ దానికి ప్రభుత్వ సెలవు ఇచ్చారు. తాగి అల్లరి చేస్తున్నారని ఇరవయ్యో శతాబ్దంలో చాలా దశాబ్దాలపాటు ఆ పండుగనాడు పానశాలలు మూసి ఉంచాలని చట్టమే ఉండేది. ఊరేగింపులూ, హంగామా అమెరికా వెళ్ళినవాళ్ళు మొదలుపెట్టినవి. న్యూయార్కులో 1762లోనే ఊరేగింపు జరిగింది. చికాగో నదికి ఆకుపచ్చ రంగు కలపడం 1962లో మొదలైంది. ఆకుపచ్చ బీరు కూడా అమెరికా సరుకే. అంటే మన నగరాల హోటళ్ళు "ఐరిష్" అని అమ్ముతున్నది ఐర్లండుది కాదు. పొట్ట చేతపట్టుకుని పోయిన ఐర్లండు కూలీలు పరాయి దేశంలో తమ ఊరు తలుచుకుని చేసుకున్న పండుగకి వ్యాపారస్తులు వేసిన రంగు అది.

ఎందుకు పోయారు వాళ్ళు? 1845లో బంగాళాదుంప పంటకు తెగులు తగిలింది. బీదవాళ్ళకి అదే అన్నం. నాలుగైదేళ్ళలో సుమారు పది లక్షలమంది ఆకలికీ, జ్వరాలకీ చచ్చిపోయారు. మరో పది లక్షలమందికి పైగా ఓడలెక్కారు. ఒకవైపు జనం చస్తుంటే ఇంకోవైపు ఆ దేశపు రేవుల నుంచే ధాన్యం ఎగుమతవుతూ ఉండేది. ఏలినవారు ఇంగ్లీషువారే. ఈ కథ మనకి కొత్తగా వినిపిస్తోందా? 1866లో ఒరిస్సా, గంజాం ప్రాంతాల్లో వచ్చిన కరువును తలుచుకోండి. ఈనాటి శ్రీకాకుళం జిల్లాలో చాలా భాగం ఆనాడు గంజాం జిల్లాయే. ఒరిస్సాలో పది లక్షలమంది పోయారని లెక్క. అప్పుడూ రేవుల నుంచి బియ్యం బయటికి పోతూనే ఉన్నాయి. అప్పుడూ ఏలినవారు వారే. తరవాత మనవాళ్ళూ ఓడలెక్కారు. విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి రంగూనుకి కూలికి పోయినవాళ్ళ సంఖ్య ఇంతా అంతా కాదు. ఇవాళ ఓడ పోయి రైలు వచ్చింది, అంతే. ఉద్దానం, టెక్కలి, చీపురుపల్లి, బొబ్బిలి ప్రాంతాల నుంచి హైదరాబాదుకి, చెన్నైకి కట్టడం పనులకి పోయేవాళ్ళు, గుజరాత్‌లోని వెరావల్‌కి చేపల వేటకి పోయే మత్స్యకారులు మన తరగతుల్లో కూర్చున్న పిల్లల నాన్నలే, అన్నలే. ఐర్లండు పండుగలో మనకి చుట్టరికం ఉన్నదంటే అది ఆకుపచ్చ టోపీలో లేదు, ఈ వలసలో ఉంది.

ఇంకొక చుట్టరికం కూడా ఉంది. అది మన ప్రాంతంవాళ్ళు మరిచిపోకూడనిది. బరంపురంలో 1894లో పుట్టిన తెలుగు కుర్రవాడొకడు 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్ళాడు. అక్కడి యూనివర్సిటీ కాలేజీలో చేరాడు. చదువుతోపాటు ఐర్లండు స్వాతంత్ర్య పోరాటమూ, అక్కడి కార్మికోద్యమమూ తలకెక్కించుకున్నాడు. 1916 ఈస్టరు తిరుగుబాటు తరవాత దేశం వదిలి పొమ్మన్నారు. తిరిగొచ్చాడు. ఆయనే వరాహగిరి వేంకటగిరి. మన విజయనగరం, శ్రీకాకుళం రోడ్డు, పలాస మీదుగా పోయే బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులకి సంఘం కట్టి నిలబెట్టినవారిలో ముఖ్యుడు. 1937 ఎన్నికల్లో బొబ్బిలిలో సాక్షాత్తూ బొబ్బిలి రాజావారి మీద నిలబడి గెలిచాడు. 1952లో మన పాతపట్నం నుంచి లోక్‌సభకి వెళ్ళి, కేంద్రంలో కార్మికమంత్రి అయి, బ్యాంకు ఉద్యోగుల విషయంలో ప్రభుత్వంతో పొసగక 1954లో ఆ పదవి వదిలేశాడు. 1969లో రాష్ట్రపతి అయ్యాడు. మన జిల్లాలకి ఐర్లండునుంచి దిగుమతి అయిన మొదటి సరుకు ఆయన తెచ్చిన కార్మికుడి హక్కు అనే ఆలోచన. దానికి ఏ రంగూ కలపలేదు. ఐరిష్ సాయంత్రం పేరిట యూనియనువారు కాగితపు టోపీలు కొనే బదులు ఆయన ఫోటో ఒకటి పెట్టి, డబ్లిన్‌లో ఆయన చదివిన చదువేమిటో, చూసిన పోరాటమేమిటో పది నిమిషాలు ఎవరిచేతనైనా చెప్పిస్తే ఖర్చు తక్కువ, గౌరవం ఎక్కువ.

సరే, తిండి సంగతికి వద్దాం. విద్యార్థులు ఉపన్యాసం విన్నా వినకపోయినా ఫలహారం మాత్రం తింటారు గదా!

ఐర్లండు బీదల ఇంట్లో శతాబ్దాలపాటు నడిచిన భోజనం ఏమిటంటే ఉడకబెట్టిన దుంపలూ, మజ్జిగానూ. అవును, మజ్జిగే. వెన్న తీసి అమ్ముకోగా మిగిలిన చల్ల ఇంట్లోవాళ్ళకి. ఇక వాళ్ళు గొప్పగా చెప్పుకునే సోడా రొట్టె ఉంది. గోధుమపిండి, ఉప్పు, వంటసోడా, పుల్ల మజ్జిగ, అంతే సరుకు. మజ్జిగలోని పులుపు సోడాతో కలిసి గాలి పుట్టిస్తుంది, రొట్టె పొంగుతుంది. మొదటి సంవత్సరం కెమిస్ట్రీ విద్యార్థి కూడా సమీకరణం రాయగలడు. అక్కడి గోధుమ మెత్తరకం, ఈస్టు వేసి పొంగించే రొట్టెకు అంతగా పనికిరాదు. పల్లెటూళ్ళలో చాలా ఇళ్ళకు పొయ్యి అంటే కణికల కుంపటే. ఇనపగిన్నెలో పిండి పెట్టి, మూత వేసి, మూతమీద కూడా నిప్పులు పోసి కాల్చేవారు. ఈ మాట చదవగానే మన అమ్మమ్మలు నవ్వుతారు. దిబ్బరొట్టె కాల్చింది ఎలాగమ్మా మరి? కింద నిప్పు, పైన నిప్పు, మధ్యన రొట్టె. ఆ ద్వీపానికీ మనకీ ఎన్ని వేల మైళ్ళు! బీదవాడి వంటింటికి మాత్రం అంత దూరం లేదు.

వాళ్ళ పేరున చెలామణీ అయ్యే ఐరిష్ కాఫీ కూడా చూడండి. 1940లలో ఫాయిన్స్ అనే రేవులో, నీళ్ళమీద దిగే విమానాల్లో వణుకుతూ దిగిన ప్రయాణికుల కోసం జో షెరిడన్ అనే వంటవాడు వేడికాఫీలో విస్కీ, పంచదార కలిపి పైన మీగడ వేసి ఇచ్చాడు. చలికి పుట్టిన పానీయమది. మార్చి నెలలో పన్నెండు గంటలకి మన కాలేజీ గ్రౌండులో నిలబడి చూస్తే, మనకు కావలసింది అది కాదని ఏ విద్యార్థికైనా తెలుస్తుంది. ఎండకి పుట్టిన పానీయం కావాలి మనకి. ఆ పని మన పెద్దవాళ్ళు ఎప్పుడో చేసి పెట్టారు.

ఉగాదినాడు పచ్చడి. 2018లో ఉగాది మార్చి 18న పడింది, 2026లో మార్చి 19న. అంటే ఐర్లండు పండుగకి పక్కవాటా. తరవాత తొమ్మిదో రోజున శ్రీరామనవమి. పానకం, వడపప్పు, చలిమిడి. విజయనగరం పిల్లలకి రామతీర్థం గురించి చెప్పనక్కరలేదు. పానకం ఎలా చేస్తారో చాలామందికి తెలుసనుకుంటాం గానీ, హాస్టలు పిల్లల్ని అడిగితే "బెల్లం నీళ్ళు" అంటారు. కాదు. ఒక వంతు బెల్లానికి మూడు నాలుగు వంతుల నీళ్ళు, దంచిన మిరియాలు, శొంఠి, ఏలక్కాయ, వడకట్టి, కొత్తకుండలో పోసి చల్లబరచాలి. కుండ చెమర్చడమే దానికి ఫ్రిజ్. నాలుక మీద తీపి, గొంతులో మిరియం ఘాటు, కడుపులో చల్లదనం. ఒక్క గ్లాసులో మూడు మజిలీలు.

ఆ గ్లాసులో మన భూగోళం కూడా ఉంటుంది. బెల్లం అనకాపల్లిది. మిరియం పాడేరు మన్యంలో కాఫీతోటల్లో, నీడచెట్ల మీదికి పాకిన తీగది. ఉగాది పచ్చడిలో చింతపండు సీతంపేట, పార్వతీపురం కొండలది. ఉప్పు నౌపడా కొఠారులది. పక్కన నాలుగు జీడిపప్పులు పెడితే పలాసవి. ఇంత సరుకు వంద మైళ్ళ లోపల పెట్టుకుని, మూత తీస్తే బుస్సుమనే సీసాకి యూనియను డబ్బు ఎక్కడికో పంపుతున్నాం. ఆ బుస్సులో మన రైతు ఊపిరి ఒక్కటీ లేదు.

మన సరిహద్దులో ఇంకో సంగతి ఉంది. ఇచ్ఛాపురం దాటితే ఒరిస్సా. ఏప్రిల్ నడిమికి అక్కడ పణా సంక్రాంతి చేస్తారు. ఆ రోజు పానీయమే పండుగ. మారేడుపండు గుజ్జు నీళ్ళలో పిసికి, బెల్లమో పంచదారో వేసి, కొబ్బరి, మిరియం కలిపి ఇస్తారు. ఆ పండుగకి పేరే పానకం పేరు. ఐర్లండువాడి మూడాకుల కొమ్మ గుర్తుగా ఏదైనా పానీయం పెట్టి తీరాలని మన కుర్రాళ్ళు పట్టుబడితే, ఇదిగో, మూడాకుల చెట్టు పండు రసం పొరుగింట్లోనే ఉంది! రంగు ఆకుపచ్చ కాదు గాని, రుచికి ఢోకా లేదు.

మరొకటి చెబుతాను. దీని గురించి సైన్సు విద్యార్థులు ఆలోచించాలని నా కోరిక. ఉద్దానంలో వేసవి మొదలవుతూనే జీడిమామిడి పండ్లు రాలతాయి. గింజ ఒలుచుకుని పండును తోటలోనే వదిలేస్తాం. చాలావరకు కుళ్ళిపోతుంది. గోవావాళ్ళు దాంతో ఫెనీ అనే సారా కాస్తారు. మనకా ముచ్చట అక్కరలేదు. కాని ఆ పండు రసంలో సి విటమిన్ కమలాపండుకి ఎన్నో రెట్లు. చిక్కల్లా గొంతు పట్టేసే వగరు ఒక్కటే. ఆ రసంలో కాస్త గంజి గానీ సగ్గుబియ్యపు జావ గానీ కలిపి నిలవబెడితే వగరు అడుక్కి దిగిపోతుంది, పైన తేరిన రసం పోసుకోవచ్చు. కేరళలో ఈ పద్ధతి అనుసరిస్తున్నారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొబ్బరినీ జీడినీ నేలకూల్చిన తరవాత ఉద్దానపు రైతుకి గింజతోపాటు పండుకి కూడా నాలుగు డబ్బులొస్తే ఎంత ఆసరా! మన ఉత్సవంలో ఒక బల్లమీద ఆ రసం పెట్టి చూపిస్తే అది ఫలహారమే కాదు, ప్రయోగం కూడా.

ఇంతవరకు చదివినవారు "సరే, మాస్టారు చివరికి మన ప్రాచీన వైభవం దగ్గరకే వచ్చారు" అనుకోవచ్చు. ఆగండి. పానకంలో పుడకలు కూడా చెప్పాలి. లేకపోతే నేను చెప్పింది సగం.

మొదటి పుడక కులం. చలివేంద్రాలు మన ఊళ్ళలో ఎప్పటినుంచో ఉన్నాయి. దాహానికి నీళ్ళివ్వడం పుణ్యమన్నాం. కాని అదే చలివేంద్రంలో కొందరికి చెంబు చేతికిచ్చి, కొందరికి ఎత్తునుంచి దోసిట్లో పోసిన రోజులు మన తాతలనాటివే. గుడి పానకం గుడి గోడ దాటి వాడకి రాలేదు. కాబట్టి కాలేజీలో పానకం పంచడమంటే పాత పద్ధతి పునరుద్ధరించడం కాదు. పాత పద్ధతిని సరిదిద్దడం. ఒకే కుండ, ఒకే వరస, ఎవరైనా పోస్తారు, ఎవరైనా తాగుతారు. మతం మాట కూడా అంతే. పాట్రిక్ పండుగ చర్చిలో పుట్టినా ఇవాళ ఏ మతంవాడైనా చేసుకుంటున్నాడు. పానకం రామాలయంలో పుట్టినా మిరియానికీ బెల్లానికీ మతం లేదు. వద్దనుకున్నవాళ్ళకి మజ్జిగ ఉంది, చోడి అంబలి ఉంది.

రెండో పుడక బెల్లం. తెల్లగా, బంగారు రంగుగా మెరిసే అచ్చు కావాలని మనమే అడుగుతాం. ఆ మెరుపు కోసం వంటలో హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు. ముదురు రంగు బెల్లం చూస్తే మొహం తిప్పుకుంటాం. ఇంకోవైపు నల్లబెల్లం నాటుసారాకి పోతుందని ప్రభుత్వాలు దానిమీద ఆంక్షలు పెట్టడమూ చూశాం. ఒకే చెరుకు, ఒకడి చేతిలో పానకం, ఇంకొకడి చేతిలో సారా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించిన దగ్గర్నుంచి రాష్ట్రమంతా కదిలింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దానికి సడలింపు. చట్టం వచ్చింది, పోయింది. ఆ ఆడవాళ్ళు అడిగిన ప్రశ్న మాత్రం పోలేదు. పండుగంటే తాగడమేనా? ఐర్లండులో పండుగనాడు పానశాలలు మూయించినవాళ్ళు అడిగిందీ ఆ ప్రశ్నే. విద్యార్థుల సాయంత్రానికి ఎవరైనా సీసా చాటుగా తెచ్చి, "ఐరిష్ పద్ధతి" అంటే, ఆ పద్ధతి వాళ్ళదీ కాదు, మనదీ కాదు, దుకాణదారుది అని చెప్పండి.

మూడో పుడక అన్నింటికన్నా పెద్దది. నీళ్ళు. పానకంలో నాలుగింట మూడు వంతులు నీళ్ళే. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస – ఈ పేర్లు వినగానే ఇవాళ దేశానికి కొబ్బరితోటలు గుర్తుకు రావడం లేదు, మూత్రపిండాల జబ్బు గుర్తుకొస్తోంది. నీళ్ళా, ఎండా, పనిలో చెమటోడ్చి దాహం అణచుకోవడమా, మరొకటా, కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు. 2023 డిసెంబరు 14న హిరమండలం నుంచి వంశధార నీటిని ఉద్దానానికి తెచ్చే పథకమూ, పలాసలో కిడ్నీ ఆసుపత్రీ, పరిశోధన కేంద్రమూ ప్రారంభమయ్యాయి. సంతోషమే. కాని పథకం ప్రారంభం కావడం వేరు, చివరి ఊళ్ళో చివరి కుళాయికి రోజూ నీళ్ళు రావడం వేరు. మన తరగతిలో ఉద్దానం పిల్లలున్నారు. తండ్రిని డయాలసిస్‌కి తీసుకెళ్ళి తెల్లారి క్లాసుకి వచ్చేవాళ్ళున్నారు. వాళ్ళ ముందు ఆకుపచ్చ రంగు నీళ్ళ గ్లాసులు ఎత్తి "చీర్సు" అనే ముందు ఒక్క క్షణం ఆలోచించండి. రంగులేని నీళ్ళకోసం కొట్లాడుతున్న ఊళ్ళున్న జిల్లా ఇది.

ఇది చెప్పడం సంబరం పాడుచేయడానికి కాదు. సంబరానికి అర్థం ఉండాలని. చల్లకొచ్చి ముంత దాచనేల? యూనియనుకి నేను పెట్టదలచిన అర్జీ సూటిగా ఇదీ.

మార్చిలో ఒక సాయంత్రం పెట్టండి. పేరు మీ ఇష్టం. ఐరిష్ అనే పెట్టుకున్నా నాకు పేచీ లేదు. అయితే సోడారొట్టె పక్కన దిబ్బరొట్టె పెట్టండి. రెండూ తిని ఏది బాగుందో జనం తేల్చుకుంటారు. బంగాళాదుంప పక్కన చిలగడదుంప పెట్టండి. విస్కీ లేని కాఫీ కావాలంటే అరకు కాఫీ కాచి, బెల్లం వేసి, పైన మీగడ వేసి ఇవ్వండి. ఒక కుండలో పానకం, ఒక కుండలో ఉప్పూ అల్లమూ కరివేపాకూ వేసిన మజ్జిగ, ఒక కుండలో చోడి అంబలి. అంబలి చూడగానే కొందరు పిల్లలు తల దించుకుంటారని నాకు తెలుసు. ఇంట్లో రోజూ తాగే దాన్ని నలుగురిలో ఒప్పుకోడానికి నామోషీ. నగరాల్లో అదే చోడిపిండిని రాగి మాల్ట్ అని పొట్లం కట్టి అమ్ముతుంటే డబ్బులిచ్చి కొంటున్నారు. నామోషీ తిండిలో లేదు, పేరులో ఉంది. ఆ సాయంత్రం కుండమీద పెద్దక్షరాలతో "చోడి అంబలి" అనే రాయండి.

తినడానికి వడపప్పులో మామిడికాయ కోరు, కొబ్బరి వేసి దొన్నెల్లో పెట్టండి. మరమరాల మిక్చరు కలిపేవాణ్ణి బజారునుంచి పిలిచి, కాలేజీ గేటు బయట నిలబడే ఆయన్ని ఒక్కరోజు లోపల కూర్చోబెట్టి, బేరమాడకుండా డబ్బివ్వండి. ప్లాస్టిక్ గ్లాసులు వద్దు, మన కుమ్మరులు ఇంకా ముంతలు చేస్తున్నారు. నలుగురికి నాలుగు రూపాయలు దక్కితే అదీ వలసకి అడ్డుకట్ట వేసే చిన్న రాయే.

ఇంకో మాట. పానకం కలిపే పని, దొన్నెలు కడిగే పని అమ్మాయిల నెత్తిన వేసి, అబ్బాయిలు మైకు దగ్గర నిలబడే అలవాటు మన యూనియన్లకి ఏనాటినుంచో ఉంది. గురజాడ అప్పారావుగారు చదువుకుని, చదువు చెప్పిన ఊరికి ఇంత దగ్గర్లో ఉండి ఇంకా ఇదేం వరస? గిరీశంలాగ మాటల్లో సంస్కరణ, పనిలో హుళక్కి పనికిరాదు. అబ్బాయిలు కుండలు మోయాలి, అమ్మాయిలు మైకు పట్టుకోవాలి. ఒక్క ఏడాది చేసి చూడండి.

పూర్వ విద్యార్థులకి కూడా ఒక విన్నపం. హైదరాబాదులో, దుబాయిలో, డాలసులో ఉన్నవారు వార్షికోత్సవానికి చందా పంపుతున్నారు, కృతజ్ఞతలు. ఆ చందాలో కొంత ఎండాకాలం మూడు నెలలు కాలేజీ గేటు దగ్గర ఒక చలివేంద్రం నడపడానికి కేటాయించమని చెప్పండి. మంచి నీళ్ళు, పరీక్ష చేయించిన నీళ్ళు, కుండల్లో చల్లబరచినవి. కెమిస్ట్రీ డిపార్టుమెంటు ఆ పరీక్ష చేయగలదు. ఫలితం నోటీసుబోర్డు మీద పెట్టగలదు. మనం తాగే నీళ్ళలో ఏముందో మనకి తెలిసే హక్కుంది. గిరిగారు పాతపట్నం ఓటరు ముందు నిలబడింది హక్కులనే మాట పట్టుకునే.

దారిన పోయే రిక్షావాడు, బస్సు తప్పిపోయిన ముసలమ్మ, పరీక్ష రాసి కళ్ళు తిరుగుతున్న పిల్లవాడు, ఎవరొచ్చినా ఒకే చెంబుతో చేతికిచ్చే నీళ్ళు. ఆ గేటు దగ్గర కుండ పెట్టిన మొదటి రోజునే మన వసంతోత్సవం ప్రారంభమైనట్టు లెక్క. ముందు కుండ పెట్టండి. టోపీలు తరవాత కొనుక్కుందాం.